నిలుపుదల

వేగమును గొనియాడువారు లోకమున పెక్కుమంది. నిలుపుదలను గొనియాడువారు మిక్కిలి యరుదు. క్రొత్త కారు కొన్నవానిని చూచి "ఎంత వేగముగా పోవును?" అని యందఱు నడుగుదురు. "ఎంతలో ఆగును?" అని యడిగినవానిని మే మింతవఱకు చూడలేదు. కఠోపనిషత్తులో దేహము రథముగాను, ఇంద్రియములు గుఱ్ఱములుగాను, బుద్ధి సారథిగాను, మనస్సు పగ్గముగాను చెప్పబడినవి. ఆ రూపకమును బాలురకు బోధించునపుడెల్ల మాకొక విషయము తోచుచుండును. ఆ రథమును నిలుపుటకు వేఱొక సాధనము చెప్పబడలేదు. గుఱ్ఱమును నడపు పగ్గమే గుఱ్ఱమును నిలుపును. మోటారు బండి వచ్చిన పిదప నడపునది వేఱు, నిలుపునది వేఱు అయినది. నడపునదానికి, అనగా ఇంజనునకు, దక్కిన మన్నన నిలుపుదానికి దక్కలేదు. చక్రముల చాటున, అరచేతిలో నిముడు కొన్ని పలకలు ఎవ్వరి మెప్పును కోరక ఇంటిల్లిపాది ప్రాణములను మోయుచున్నవి. వానినే బ్రేకు ప్యాడు లందురు. ఈ వ్యాసము వానిని గూర్చినది.

సంస్కృతమును, ఆంగ్లమును చెప్పుకొని బ్రదుకు బడిపంతులకు బ్రేకు ప్యాడులతో నేమి పని యని చదువరులు శంకింపవచ్చును. శంక న్యాయమైనదే. మేము కారు నడపువారమే గాని కారును విప్పి చూచినవారము కాము. ఈ చదువును మాచేత చదివించినవాడు మా తమ్ముడు. అతడు చెన్నై నగరమున నొక కంపెనీలో నుద్యోగి. భార్యయు, ఎనిమిదేండ్ల కుమార్తెయు, ఒక చిన్న కారును అతని సంసారము. రెండేండ్ల క్రిందట అతనికి పందెపు బాటపై కారు నడపు సరదా పట్టుకొన్నది.

చెన్నైకి పడమట, శ్రీపెరుంబుదూరు దగ్గఱ, ఇరుంగాట్టుకోట్టై యనుచోట 1990లో ప్రారంభమైన మోటారు పందెపు బాట యొకటి కలదు. దాని చుట్టు రమారమి 3.7 కిలోమీటర్లు. పందెములు లేని కొన్ని దినములలో రుసుము పుచ్చుకొని, హెల్మెట్టు పెట్టించి, ఎవరి కారును వారు ఆ బాటపై నడపుకొనుటకు అవకాశ మిత్తురు. దానిని ట్రాకు డే యని పిలుతురు. ఈ సరదాను విని మా బంధువులు కొందఱు నొసలు చిట్లించిరి గాని మేము మాత్రము మా తమ్ముని తప్పు పట్టలేదు. రాజమార్గమున నొరుల ప్రాణములతో చెలగాట మాడుటకంటె, ఎదురు బండి గాని, పాదచారి గాని, పశువు గాని లేని బాటపై, కనిపెట్టి చూచువా రుండగా, వేగపు ముచ్చట తీర్చుకొనుట మేలు. నేటికిని మా యభిప్రాయ మదియే.

మూడవమారు పోయినపుడు చిక్కు కలిగినది. నాలుగైదు చుట్లు తిరిగిన పిమ్మట ఒక మలుపు ముందు బ్రేకు తొక్కగా, కాలిక్రింద పెడలు రాయివలె గట్టిగానే యున్నదట. కారు మాత్రము మునుపటివలె నెమ్మదింపలేదట. బాట దాటి కంకరలోనికి పోయి నిలిచినది. ఎవరికిని దెబ్బ తగులలేదు. అతడు భయపడినాడు. ఆ భయము మంచిదే. కాని భయపడిన మనుష్యుడు తొందరపడి బజారునకు పోవుట మంచిది కాదు. మా తమ్ముడు ఆ వారముననే యొక దుకాణమునకు పోయి, "మీ దగ్గర ఉన్నవాటిలో అన్నిటికంటె మంచివి ఇవ్వండి" అని యడిగెను. దుకాణదారుడు పందెములకై చేసిన ప్యాడుల నిచ్చెను. వాని వెల పాతవానికి నాలుగింతలు. వెల యెక్కువగుటచేత అతని నమ్మకమును నాలుగింతలైనది.

ఇచట మా వృత్తికి సంబంధించిన మాట యొకటి చెప్పుకొనక తప్పదు. సంస్కృత వ్యాకరణములో "శ్రేష్ఠము" అనునపుడు దేనిలో శ్రేష్ఠమో చెప్పుటకు నిర్ధారణషష్ఠి యొకటి యుండవలెను. ఆంగ్లములోను అంతే. గుంపును చెప్పక శ్రేష్ఠమును చెప్పినచో వాక్యము సగములో నిలిచిపోవును. "అన్నిటికంటె మంచివి" యని మా తమ్ముడు అడిగినపుడు, ఏ పనికి మంచివి, ఏ వేడిమిలో మంచివి, ఎవరి కాలిక్రింద మంచివి యను ప్రశ్న లడుగబడలేదు. వ్యాకరణ దోషము వాక్యములో నున్నంతవఱకు నవ్వి యూరకుందుము. అది చక్రములలోనికి పోయినచో నవ్వుటకు వీలులేదు.

బ్రేకు చేయు పని యేమి? బండిలో నున్న వేగమును వేడిగా మార్చుట. అంతకు మించి మఱేమియు లేదు. చక్రముతో కూడ తిరుగు ఇనుప డిస్కును రెండు ప్రక్కలనుండి రెండు ప్యాడులు పట్టి యొఱయును. ఒఱపిడిచే వేడి పుట్టును. ఆ వేడి గాలిలో కలియును. చలికాలమున అరచేతులు రుద్దుకొను ప్రతి బాలుడు నీ శాస్త్రము నెఱుగును. అయితే ఆ వేడి యెంత? బండి వేగము రెండింతలైనచో అందలి శక్తి నాలుగింత లగును. 1,200 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమునుండి ఆగినచో పుట్టు వేడి, 30 డిగ్రీలలో నున్న అరలీటరు పైచిలుకు నీటిని మరుగు స్థితికి తేగలదు. 120 నుండి ఆగినచో రెండు లీటర్లకు పైగా కాగును. పందెపు బాటపై 150 నుండి 60కి దిగుటకు నాలుగు సెకండ్లు చాలును. ఆ నాలుగు సెకండ్లలో పుట్టు వేడికి మూడు లీటర్ల నీరు మరుగును. రెండు కిలోవాట్ల విద్యుత్ పొయ్యి ఏడు నిమిషములు శ్రమించి యిచ్చు వేడి యది. గాలి మొదలగువాని సాయమును లెక్కలో విడిచితిమి. కొంత తగ్గించుకొన్నను విషయము మాఱదు. ఇట్లు ఒక్క చుట్టులో పలుమార్లు, చుట్టు వెంట చుట్టు. చల్లారుటకు వ్యవధి లేదు. బ్రేకు తొక్కినపుడు బండి బరువు ముందునకు వ్రాలును గనుక ఈ భారములో పెద్దపాలు ముందు చక్రములదే.

వీధికై చేసిన ప్యాడు ఈ వేడికి తాళలేదు. అందు నారలును, లోహపు పొడులును, ఒఱపిడిని సరిచూచు ద్రవ్యములును కలిపి, ఒక విధమగు జిగురుతో బిగించియుందురు. మితిమీఱిన వేడిలో ఆ జిగురు చెడి, ఆవిరులు పుట్టి, ప్యాడునకు డిస్కునకు నడుమ నొక పొరవలె నిలుచును. అపుడు పెడలు గట్టిగా నుండును, బండి మాత్రము జాఱిపోవును. మా తమ్మునికి జరిగిన దిదియే. దీనిని పోలిన వేఱొక యాపద కలదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను మెల్లమెల్లగా పీల్చుకొనును. డాట్ 4 అను తరగతి ఆయిలు క్రొత్తదైనపుడు కనీసము 230 డిగ్రీల వఱకు కాగకుండవలెను. తేమ పట్టిన పిదప ఆ హద్దు 155 డిగ్రీలకు దిగవచ్చును. కాగిన ఆయిలులో బుడగలు పుట్టును. ద్రవము నణచలేము గాని బుడగ నణచవచ్చును గదా! కావున పెడలు మెత్తనై నేలకంటును. పెడలు గట్టిగా నుండి బండి ఆగకున్న దోషము ప్యాడులది. పెడలు మెత్తబడి క్రిందికి పోయిన దోషము ఆయిలుది. ఈ రెంటి భేద మెఱుగక ప్యాడులు మార్చి ధనమును, ఆయిలు మార్చక ప్రాణమును పోగొట్టుకొనువారు కలరు.

ఇంతవఱకు చదివినవారు, "అట్లయిన పందెపు ప్యాడులు వేయించుట వివేకమే గదా" యని యందురు. మా తమ్ముడు నట్లే యనెను. ఆ ప్యాడులతో నాలుగవమారు బాటపైకి పోయి, ఇరువది చుట్లు తిరిగి, తొలి చుట్టునందువలెనే కడపటి చుట్టునందును కారు నిలుచుట చూచి యుబ్బిపోయెను. ఆ సంతోషమును మాకు ఫోనులో అరగంటసేపు వర్ణించెను.

ఆ తరువాత కొన్నాళ్లకు సెలవులలో మేము చెన్నై పోతిమి. స్టేషనుకు మా మఱదలు కారు తీసికొని వచ్చినది. ఇంటిదాక వచ్చునంతలో ప్రతి కూడలియందును కారు పెట్టిన కూత చెవులు చిల్లులు పొడిచినది. వారి వీధి మలుపు తిరుగగనే మేడమీది పిల్లలు తొంగిచూచి "కూత కారు వచ్చింది" అని కేకలు వేసిరి. ఇది యేమి కూత యమ్మా యని మే మడిగితిమి. ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిదప బండి నొక ప్రక్కకు ఆపి యిట్లు చెప్పినది.

"బావగారూ, కూత సంగతి సరే. మొన్న వానలో పొద్దున్నే పాపను బడికి తీసుకుపోతున్నాను. సందులోంచి సైకిలు మీద ఒక పిల్లవాడు వచ్చాడు. రోజూ తొక్కినట్లే బ్రేకు తొక్కాను. బండి పట్టుకోలేదండీ. రెండు కాళ్ల బలం ఒక కాలిలోకి తెచ్చుకొని తొక్కితే, వాడికీ మాకూ మధ్య మూరెడు దూరంలో ఆగింది. తప్పు నాదే అనుకున్నాను. వారం రోజులు ఎవరితోనూ చెప్పలేదు."

ఈమె పదునొకండేండ్లుగా కారు నడపుచున్నది. ఆ పదునొకండేండ్లలో ఎవరిని తాకినది లేదు. అయినను బండి ఆగకపోగా ఆమెకు మొదట తోచినది బండిదోషము కాదు, తన దోషము. దీనికి కారణ మేమని మేము బహుకాలము ఆలోచించితిమి. ఆడుదానికి యంత్రము తెలియదని మన ఇండ్లలో హాస్యమునకై యాడు మాటలు విని విని, హాస్యము నిజమై ఆమె మనస్సులో గూడు కట్టుకొన్నది. ఆ హాస్యమే ఒక పసివాని ప్రాణమునకు మూరెడు దూరమువఱకు వచ్చినది. ఇంటిలో నొకరి యనుభవమును చులకన చేయుట మర్యాదకు మాత్రమే భంగమనుకొందుము. అది క్షేమమునకును భంగము. పనిముట్టు చెడినదని మొదట తెలిసికొనునది దానిని నిత్యము వాడు చేయియే. ఆ చేయి నోరు విప్పలేని యింట చెడిన పనిముట్టు చెడియే యుండును.

పందెపు ప్యాడులలో పెక్కింటి స్వభావ మేమనగా, అవి వేడెక్కిన పిదపగాని పూర్తిగా మేల్కొనవు. వందలకొలది డిగ్రీల వేడిమిలో చెక్కు చెదరక నిలుచుటకై వానిని చేసిరి. ఆ గుణమునకు వెలగా, చల్లగా నున్నపుడు పట్టు తక్కువ, కూత యెక్కువ, పొడి యెక్కువ, డిస్కు అరుగుదల యెక్కువ. ఇంటినుండి బడికి రెండు మూడు కిలోమీటర్ల దూరము, అదియు వానలో, నిదానముగా పోవు కారునందు డిస్కులకు వేడి యెక్కడిది? మా తమ్ముని ప్యాడులు బాటపై మేల్కొని యుండెను. మా మఱదలికి మాత్రము అవి నిద్రమత్తులో తోడు వచ్చినవి.

మా తమ్ముడు మొదట నొప్పుకొనలేదు. "అంత వేగంలో ఆపేవి ఇంత వేగంలో ఆపకుండా ఎలా ఉంటాయి అన్నయ్యా?" అని వాదించెను. పెద్దరికముచే వాదమును గెలుచుట మా కిష్టము లేదు. ఆదివారము తెల్లవాఱుజామున ఒక ఖాళీ ఆవరణకు, దాని యజమాని అనుమతితో, ముగ్గురమును పోతిమి. సుద్దతో నేలపై నొక గీత గీసితిమి. మా మఱదలు గంటకు 40 కిలోమీటర్ల వేగముతో వచ్చి గీత దగ్గఱ, వీధిలో ఎట్లు తొక్కునో అట్లే బ్రేకు తొక్కవలెను. తొలిసారి నిలిచినచోట ఒక గుర్తు పెట్టితిమి. పిమ్మట మా తమ్ముడు కారును పదిపదునైదు మార్లు గట్టిగా ఆపి డిస్కులను కాచెను. మరల ఆమెయే నడపి, అదే వేగమున అదే విధముగా తొక్కినది. ఈ రెండవ గుర్తు మొదటిదానికంటె ఇంచుమించుగా ఒక కారు పొడవు వెనుక పడినది. మా తమ్ముడు రెండు గుర్తుల నడుమ నిలుచుండి చాలసేపు నేలవంక చూచుచుండెను. ఆ పిల్లవాడు సైకిలుపై వచ్చినది ఆ రెండు గుర్తుల నడుమనే యని మేము చెప్పలేదు. చెప్పవలసిన పని లేకపోయినది.

ఇందలి మర్మ మొకటి యెఱుగవలెను. బండిని తుదకు ఆపునది ప్యాడు కాదు, నేలను పట్టుకొన్న టైరు. టైరు పట్టు తప్పువఱకు చక్రమును బిగింపగల శక్తి మంచి స్థితిలో నున్న మామూలు బ్రేకులకును కలదు. అట్లు బిగియకుండ కాపాడుటకే ఏ.బి.ఎస్. అను ఏర్పాటు వచ్చినది. కావున వీధిలో ఒక్కసారి గట్టిగా ఆపుటకు, ఎంత ఖరీదైన ప్యాడైనను, మంచి మామూలు ప్యాడుకంటె తక్కువ దూరములో ఆపజాలదు. దాని గొప్ప యంతయు పదవసారి ఆపుటలో నున్నది. బాటపై పదవసారి ముఖ్యము. వీధిలో సందునుండి వచ్చు పిల్లవాడు మనకు మొదటిసారి మాత్రమే యిచ్చును.

ఈ భేదమును పట్టుకొన్నచో ప్యాడుల యెంపిక సులభము. నారలు, జిగురులు ప్రధానముగా గల సేంద్రియపు ప్యాడులు మెత్తన. చల్లగా నున్నను పట్టును, డిస్కును తినవు, వేడికి మాత్రము త్వరగా లొంగును. సిరామిక్కు ప్యాడులు కూతయు, కంటికి కానవచ్చు పొడియు తక్కువగా నుండి గృహస్థునకు సుఖమిచ్చును. లోహము పాలు ఎక్కువగా గల సెమీ మెటాలిక్కు ప్యాడులు వేడి నోర్చును, కొంత కూయును. వీధికిని బాటకును నడుమ పనిచేయునట్లు చేసిన తరగతి యొకటి కలదు. చల్లనైనపుడు వీధికి చాలినంత పట్టు నుంచి, అప్పుడప్పుడు బాటపైకి పోవువానికి చాలినంత వేడి నోర్చును. కేవలము పందెములకై చేసినవి కడపటి తరగతి. పేర్లను నమ్మి మోసపోరాదు. ఒక పేరుతోనే పలు విధముల కలపులు అమ్ముదురు. డబ్బీపై నిచ్చిన వేడిమి హద్దులలో అందఱును పై యంకెను చూతురు. గృహస్థుడు చూడవలసినది క్రింది యంకె. ఎంత చల్లదనమునుండి ఈ ప్యాడు పనిచేయునని యడుగవలెను.

కొన్ని ప్యాడుల యంచున రెండు ఆంగ్లాక్షరము లచ్చువేసి యుండును. మొదటిది సాధారణపు వేడిమిలోని ఒఱపిడిని, రెండవది హెచ్చు వేడిమిలోని ఒఱపిడిని తెలుపును. ఇ యనిన 0.25 నుండి 0.35 వఱకు, ఎఫ్ అనిన 0.35 నుండి 0.45 వఱకు, జి యనిన 0.45 నుండి 0.55 వఱకు. అక్షరము పెద్దదైన ప్యాడు మంచిదని కాదు. మొదటి యక్షరమునకును రెండవదానికిని తేడా లేకుండుట నెమ్మదితనమునకు గుర్తు. పందెపు బాటపై పుట్టు వేడికి ఈ పరీక్ష చాలదని కూడ తెలిసికొనవలెను. ఐరోపా నిబంధనలలో ఆర్ 90 అను గుర్తు కలదు. ఆ గుర్తుగల ప్యాడులు, కారుతో వచ్చిన ప్యాడుల పనితీరునకు నిర్ణీతమగు హద్దులోపల దగ్గఱగా నుండునని పరీక్షింపబడినవి. వీధి కారునకు ఈ గుర్తు విలువైనది. వెనుక ముందు చక్రముల నడుమ తయారీదారు కుదిర్చిన తూకము చెడకుండును.

మా తమ్ముని యింట జరిగిన నిర్ణయ మిది. వీధికి కారు తయారీదారు చెప్పిన ప్యాడులు. బాటకు పైన చెప్పిన నడిమి తరగతి ప్యాడులు వేఱుగా నొక జత. ట్రాకు డేకు ముందటి సాయంకాలము ఒక జత తీసి మఱియొక జత వేయుట, తిరిగి వచ్చిన పిదప మరల మార్చుట. ఆ పని నతడు తెలిసిన మెకానిక్కువద్ద నేర్చుకొన్నాడు. చేయి తిరిగిన పిదప రెండు ముందు చక్రములకు గంట పట్టుచున్నది. బాటపైకి పోవుటకు ముందు బ్రేకు ఆయిలు క్రొత్తది. పందెపు ప్యాడులను, పందెములాడు స్నేహితునికి సగము వెలకు ఇచ్చివేసెను. నష్టము వచ్చినదని అతడు గొణుగగా మా మఱదలు, "ఏడాదికి నాలుగు రోజులు బండి మీది, మిగతా రోజులు నాది. కొనేటప్పుడు నన్ను ఒక్క మాట అడిగి ఉంటే ఈ నష్టం వచ్చేదే కాదు" అనినది. గొంతు హెచ్చింపక యనిన మాట. అతడు సమాధానము చెప్పలేదు. ప్యాడులు మార్చిన తేదీని, ఏ జత వేసినదియు వ్రాయుటకు కారులో నొక చిన్న పుస్తకమును మాత్రము ఉంచెను. అందులో రెండవ సంతకము ఆమెది.

క్రొత్త ప్యాడులు వేసిన వెంటనే వానిని పూర్తిగా నమ్మరాదు. జనసంచారము లేని మార్గమున, 60 కిలోమీటర్ల వేగమునుండి 15 వఱకు, పూర్తిగా ఆపక, ఎనిమిది పది మార్లు మెల్లగా దించుచు పోయినచో ప్యాడునుండి పలుచని పొర డిస్కుపై సమముగా పఱచుకొనును. తయారీదారు వేఱు విధము చెప్పినచో దానినే పాటింపవలెను. కాగిన డిస్కుపై ప్యాడును నొక్కిపెట్టి బండి నిలిపినచో పొర ఒకచోట గడ్డకట్టును. పిదప బ్రేకు తొక్కునపుడెల్ల స్టీరింగు వణకును. "డిస్కు వంగినది" అని మెకానిక్కులు చెప్పు వణకులో పెక్కుపాలు ఈ గడ్డకట్టిన పొరయే. బాటనుండి వచ్చువారు కడపటి చుట్టును నెమ్మదిగా తిరిగి చల్లార్చుకొని వచ్చుట ఇందులకే.

పొడి సంగతి యొకటి మిగిలినది. పూర్వము ప్యాడులలో, వేడి నోర్చునని, రాతినారను, అనగా ఆస్బెస్టాసును కలుపుచుండిరి. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకమని తేలి అనేక దేశములు విడిచినవి. ప్యాడులలోని రాగి వాననీటితో ఏఱులలో కలిసి చేపలకు హాని చేయుచున్నదని అమెరికాలో వాషింగ్టన్, కాలిఫోర్నియా రాష్ట్రములు 2010లో చట్టములు చేసి, రాగిని 2025 నాటికి నూటికి అరవంతుకంటె తక్కువకు దింపవలెనని విధించినవి. మన షెడ్లలో పనివాండ్రు ప్యాడులు మార్చునపుడు పొడిని గాలిగొట్టముతో నూదుట చూచుచున్నాము. తడిగుడ్డతో తుడిపించుట కష్టము కాదు. ఆ పనివాడు సామాన్యముగా పదునెనిమిదేండ్లవాడు. ఆ ఊపిరితిత్తులతో అతడు ఇంకను బహుకాలము బ్రదుకవలెను.

బ్రేకుల చరిత్రమందే ఒక స్త్రీ కలదు. 1888 ఆగస్టు నెలలో, కార్ల్ బెంజ్ భార్య యగు బెర్తా బెంజ్, భర్తతో చెప్పకయే, తన యిద్దఱు కుమారులను వెంటబెట్టుకొని, అతడు చేసిన మోటారు బండిపై మాన్‌హైమునుండి ఫోర్ట్స్‌హైమువఱకు నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసినది. దారిలో కొయ్య బ్రేకు దిమ్మలు అరిగిపోగా, ఒక చెప్పులు కుట్టువానిచే వానిపై తోలు కొట్టించినది. నేటి ప్యాడులకు అదియే తొలి రూపమని చెప్పుదురు. బండిని చేసినవానికి తట్టనిది బండిని నడపినదానికి తట్టినది. ఇది స్త్రీలను పొగడుటకై చెప్పిన మాట కాదు. వాడినవారి మాటకు విలువ యుండవలెనని చెప్పిన మాట.

చదువరులలో పందెపు బాట తొక్కువారు కొలదిమంది యుందురు. కారునో, స్కూటరునో ఇంట నుంచుకొన్నవారు చాలమంది యుందురు. వారికి మా మనవి యొక్కటే. ఈసారి షెడ్డునకు పోయినపుడు "మంచివి వేయుము" అని చెప్పి పత్రిక తిరగవేయుచు కూర్చుండకుడు. బండిని ఎవరు నడపుదురో, ఏ దారిని, ఎంత దూరము, ఏ వేళ నడపుదురో ముందు చెప్పి, ఆ పనికి తగినవి యడుగుడు. అంతకు ముందు ఇంటిలో, బండిని ఎక్కువగా నడపువారి నొక మా ఱడుగుడు: బ్రేకు ఎట్లున్నది? ఏమైన మార్పు తెలియుచున్నదా? వారు చెప్పునది ఎంత చిన్నదిగా తోచినను, నవ్వకుడు.